మూలమట్టం ఒప్పుకోలేదు

కార్డిగన్ తీరాన తెల్లారి నుంచీ చినుకులు.
పెరటి గోడకి అద్దాల గది తొడగడానికొచ్చిన ఎమ్రిస్
రసమట్టం ఆనించి నవ్వాడు.
బుడగ ఒక పక్కకే పోయి కూర్చుంది.

"మా ఆయన కట్టిందే," అంది డిలిస్, టీ అందిస్తూ.
"వాన ముంచుకొస్తోందని గుండుదారం పట్టలేదు."

కాగితం మీద తొంభై డిగ్రీలు.
ఇక్కడ ఎనభై ఏడో, ఆపైన కాస్తో.

బ్రాకెట్‌కి ఉన్నది గుండ్రటి బెజ్జం కాదు,
కోలగా సాగిన కంత.
బోల్టు అందులో అటూ ఇటూ జరిగి
చోటు చూసుకుంటుంది.
స్పానర్ అరచుట్టు.
ఇంకో పావు.
ఇనుమే సర్దుకుంది;
గోడని ఎవరూ ఏమీ అనలేదు.

చట్రం నిలబడ్డాక
ఆవిడ ఆ మూల తడిమింది:
అద్దానికీ ఇటుకకీ నడుమ
రెండు వేళ్ల సందు.

ఎమ్రిస్ సీలెంట్ గొట్టం మూత తీశాడు.
"ఇవాళ పూడ్చకు," అంది.