నీలం బుడ్డి

బహ్రెయిన్ సిత్రాల మా క్యాంపు వంటరూముకు
పద్నాలుగు పొయ్యిలు, ఒక్క కిటికీ.
రాత్రి ఎనిమిదైతే నూటపది మంది ఆకలి
అందులనే వరుసకట్టి నిలబడ్తది.

మూకుట్ల నూనె పోసి
ఇంటికి ఫోన్ కలిపిండు మొగిలి.
బిడ్డ ఎక్కాలు అప్పజెప్తుంటే
పదమూడో ఎక్కం కాడ
నూనె అంటుకున్నది.
నీళ్లు పోసిండు. పొయ్యద్దని ఎవలు జెప్పిన్రు ఆయనకు?
కప్పు దాకా లేసింది మంట.
ముంజేతి తోలు ఇప్పటికీ
కాలిన అప్పడం లెక్క ముడుచుకొనే ఉంటది.

ఓదెలు ఏసీల మెకానిక్కు.
ఆ రాత్రి ఏమనలే. నల్లబడ్డ గోడను
గోటితోని గీకి సూసిండు.
శుక్రవారం తుక్కుదుకాణం నుంచి తెచ్చిండు
తేదీ దాటిన పొడి సిలిండరొకటి,
సైకిల్ బ్రేకు తీగ, తలుపు స్ప్రింగు,
కూలగొట్టిన హోటల్ కప్పుకెల్లి ఊడబీకిన
ఎర్రనీళ్ల గాజుబుడ్లు, చిటికెనవేలంత గూడ లేవు.
"వేడికి ఇది పగుల్తది. పగిలితే తీగ వదుల్తది.
తీగ ఒక చేత్తోని గ్యాసు బంద్ జేస్తది,
ఇంకో చేత్తోని పొడి జల్లుతది."
తీగకు రెండు చేతులెక్కడియిరా అంటే
"పెడ్త" అన్నడు.

క్యాంపు ఎనుక ఉప్పునేల మీద
రేకులతోని ఒక దొంగ వంటరూము కట్టినం.
వంటోన్ని గనుక అంటువెట్టే పని నాది.
ఇరవై ఏండ్లసంది నూనె మాడకుండ కాసుకున్నోన్ని
కావాలని మాడబెట్టిన.
మొదటిసారి పొడి దూకిన జోరుకు
మండే నూనె ఎగిరి ఇసుకల పడ్డది.
ఇసుక మీద మండింది. మేం ఉరికినం.
రెండోసారికి పాలపొడి డబ్బా మూతకు
మేకుతోని అరవై బొక్కలు కొట్టి
సిలిండర్ మూతికి తొడిగిండు.
జల్లెడపట్టిన పిండి లెక్క, తెల్లగ, నిమ్మళంగ రాలింది.
మంట సచ్చింది. లెక్కవెట్టిన, తొమ్మిది.

ఇగ లోపల బిగించినం. జులై నెల.
నాలుగోనాడు బంగ్లా షఫీకుల్
ఎండుమిరపకాయలు ఏంచుతుంటే
ఠప్పుమన్నది.
మంట లేదు, ఏం లేదు. గంజులన్నిట్ల మంచు.
ఆ రాత్రి నూటపది మంది ఖుబ్బూసు, ఉల్లిగడ్డ తిన్నరు
ఓదెలు తాతముత్తాతలను యాజ్జేసుకుంట.
ఆయన ఆ తిట్ల నడుమనే నేల తుడిచిండు.
"ఎరుపు అరవై ఎనిమిదికే పగుల్తది.
పొయ్యిల మీది గాలే అంతున్నది. నీలం కావాలె."

నీలానికి నాలుగు శుక్రవారాలు తిరిగిండు.
ఉప్పునేల మీద మళ్ల అంటువెట్టిన.
లెక్క పదకొండు.
"రెండు ఎక్కువైంది" అన్నడు.
ఆ రెండు సెకన్లకు రాత్రంత నిద్రపోలే.

తనిఖీ ఉన్నదని సూపర్‌వైజర్ కురియన్ వచ్చి
"దీనికి ముద్ర ఉన్నదా? దించు" అన్నడు.
ముద్ర లేదు. దించినం.
ఆ కొక్కేనికి ఉల్లిగడ్డల సంచి ఏలాడదీసినం.
సార్లు వచ్చిన్రు, గోడకు ఎర్ర డబ్బా ఉన్నదని రాసుకున్నరు,
దానికి తాళమున్నదని రాసుకోలే.
వాళ్ల కారు గేటు దాటకముందే
ఉల్లిగడ్డలు దిగినయి.

మొన్న ఓదెలు వీసా అయిపోయింది.
పొయ్యేముందు మేజోట్ల చుట్టి ఇచ్చిండు
మూడు బుడ్లు. నీలం రెండు, ఎరుపొకటి.
ఎరుపెందుకురా, అది పనికిరాలే గద అంటే
"చలికాలానికి" అన్నడు.

పోపు ఏసేముందు ఇప్పుడు ఒకసారి తలెత్తి సూస్త.
మొగిలి మాత్రం సక్కగ దాని కిందికే వచ్చి
ఫోన్ చేస్తడు.
బిడ్డ పదహారో ఎక్కం దాక వచ్చింది.