పై అంతస్తు నీళ్ళు

ఒరితో గారు తుంటి ఆపరేషన్‌కి నగోయా వెళ్తూ
తాళంచెవితో పాటు ఒక కాగితం ఇచ్చారు.
పెన్సిలు రాత. మొదటి వాక్యం:
"చేపల్ని చూసుకోనక్కర్లేదు, నీళ్ళని చూసుకోండి."

నేను పియానోలు శ్రుతి చేసేవాణ్ణి.
నీళ్ళ గురించి నాకు తెలిసింది
తేమ ఎక్కువైతే చెక్క ఉబ్బుతుందని,
అంతే.
బంగారు చేపల ఊరంటారు మా యతోమిని.
ఇక్కడే పుట్టి యాభై రెండేళ్ళొచ్చినా
ఒక్క చేపనీ పెంచిన పాపాన పోలేదు.

మూడు రాంచూలు.
వీపు మీద రెక్క లేదు,
ఎవరో అరచేత్తో నిమిరి నిమిరి చెరిపేసినట్టు.
తల మీద మాత్రం సీతాఫలం తొక్కలా బొడిపెలు.
ఈదడం అనలేం దాన్ని.
పొట్టి తోకతో నీళ్ళని బతిమాలుకుంటూ
ముందుకొస్తాయి.
పేర్లు పెట్టలేదావిడ.
పెద్దది, తెల్లబుగ్గది, ఆలస్యంగా తినేది.

కాగితం చెప్పినట్టే చేశాను.
మూడు రోజులకోసారి మూడో వంతు తోడెయ్యడం,
ముందురోజే బకెట్లో పట్టి క్లోరిన్ వదిలించిన నీళ్ళని
పసిబిడ్డ పాలలా
మణికట్టు మీద చూసుకుని
గోడవారగా, చప్పుడు కాకుండా పొయ్యడం.
గాజు గొట్టంలో చుక్కలేసి ఐదు నిమిషాలు నిలబడాలి.
పసుపుగానే ఉండిపోతే హాయిగా నిద్రపోవచ్చు,
ఆకుపచ్చకి తిరిగితే అమ్మోనియా.
మేత, గుళికలు పది, నానబెట్టి.
"అడుగుతాయి. ఇవ్వకండి."
దాని కింద రెండు గీతలు.

అడిగాయి.
అద్దానికి ఆనుకుని మూడు నోళ్ళు.
వాటి భాషలో ఉన్నదొక్కటే అక్షరం,
సున్న.
నన్ను ఏదైనా అడిగేవాళ్ళు
ఇంట్లో లేక చాలా కాలమైంది.
ఇచ్చాను.

ఆరో రోజు పొద్దున
ఆలస్యంగా తినేది తలకిందులుగా తేలుతోంది.
పొట్ట పైకి. బతికే ఉంది.
ఒక కన్ను కింద నుంచి నన్ను చూస్తోంది,
తిరగబడ్డది నేనేనన్నట్టు.

సాయంత్రం ఆస్పత్రి నుంచి ఫోను.
"ఎలా ఉన్నాయి?"
"బాగున్నాయండీ."
"ఫోను తొట్టి దగ్గర పెట్టండి."
పెట్టాను.
గాలి పంపు గురగుర, బుడగలు పగిలే సవ్వడి.
దాని శ్రుతి నాకు కొట్టినపిండి,
మంద్ర నిషాదానికి రవ్వంత కింద.
నా చెవికందనిది ఆవిడ విన్నది.
"రెండు నోళ్ళే చప్పరిస్తున్నాయి.
మూడోది వెల్లకిలా పడిందా, ట్యూనరు గారూ?"

చెవులు వేడెక్కాయి.
"తిట్టనులెండి. మొదటి ఏడాది
ముద్దుచేసి ముద్దుచేసి నాలుగింటిని చంపాను నేను.
రెండు రోజులు పస్తుంచండి.
తర్వాత బఠాణీ, ఉడికించి, తొక్క తీసి,
చిటికెన గోరంత.
వింటున్నారా? ఆకలి జబ్బు కాదు."

ఆ పస్తు వాటికంటే నాకే బరువైంది.
నోళ్ళు కనబడకుండా
తొట్టి మీద తువ్వాలు కప్పాను.
తువ్వాలు వెనక సున్నలు కదులుతూనే ఉన్నాయి,
తెలుసు.

మూడో రోజు
తీగని వెంట్రుకవాసి బిగించే ఈ వేళ్ళకి
ఒక్క గింజ ఒలవడానికి పావుగంట పట్టింది.
జారింది. బద్దలైంది. బద్దని మళ్ళీ నలిపాను.
తీసుకుంది.
ఉమ్మేసింది.
తలుపు గొళ్ళెం దాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి
మళ్ళీ తీసుకుంటోంది.

ఇరవయ్యో రోజుకి ఒరితో గారు వచ్చారు.
చేప నిలబడింది గానీ
ఎడమకి కాస్త ఒరుగుతుంది,
కాలి కింద అట్టముక్క పెట్టాల్సిన పాత పియానోలా.
ఆవిడ చేతికర్ర మీద కుడికి ఒరిగి
చాలాసేపు చూసింది.
బాగుందనలేదు, బాలేదనలేదు.

తాళంచెవి, కాగితం బల్ల మీద పెట్టబోతే
చెయ్యడ్డం పెట్టింది.
"గురువారం నీళ్ళు మార్చాలి.
బకెట్ నేనెత్తలేనుగా."

బుధవారం రాత్రే పట్టి ఉంచాను.