తడి గీత

చీమకుర్తి గుంతలో ఇరవై ఆరేళ్ళుగా నా పని ఒకటే.
రాయి మీద చెంబెడు నీళ్ళు పోసి
ఆరేదాకా కూర్చోవడం.
ఎండకి బండంతా ఆరిపోయాక
ఎక్కడో ఒక గీత మాత్రం ఆరదు,
వెంట్రుక కంటే సన్నం.
అదే బీట.
సుద్దముక్కతో దాని మీద అడ్డంగా కొడతాను.
లక్షల రాయి ఆ ఒక్క గీతతో వేలకి దిగుతుంది.
ఓనరు నన్ను తిట్టుకుంటాడు,
కొనేవాడు నాకు టీ చెప్తాడు.

నాలో బీట యాడుందో మాత్రం
పద్నాలుగు నెలలు ఎవరికీ దొరకలేదు.

మొదట దొడ్డికి నల్లగా అయింది,
తారులాగా, జిగటగా.
మా గెలాక్సీ రాయి నలుపే. చుక్కలు లేవంతే.
దుమ్ము మింగుతున్నావు గదా, అన్నారు తోటోళ్ళు.
తర్వాత నాలుగు మెట్లెక్కితే
గుండెలో డ్రిల్లు మోత.
నెత్తురు ఆరే ఉంది, అన్నారు ఒంగోల్లో.
రెండు ప్యాకెట్లు ఎక్కించారు.
ఒకటి మా బావమరిది కోటిలింగం ఇచ్చింది,
ఏ పెళ్ళిలో కలిసినా గుర్తుచేస్తాడు.
ఐరన్ మాత్రలు రాశారు.
ఐరన్ మింగినా నల్లగానే పోతుందంట.
ఇంక చూసుకో,
ఏ నలుపు మందుదో ఏ నలుపు నెత్తురుదో
రోజూ పొద్దున్నే వంగి చూసేవాణ్ణి.
రాయి చదివినోణ్ణి,
ఇది చదవలేకపోయా.

పైనుంచి గొట్టం వేశారు. బాగుంది అన్నారు.
కిందనుంచి వేశారు. బాగుంది అన్నారు.
అంతా బాగున్న మనిషికి మూడోసారి నెత్తురెక్కించారు.

నెల్లూరు డాక్టరమ్మ చీటీ వెనక గీసి చూపించింది:
పై గొట్టం ఇందాకా, కింది గొట్టం అందాకా,
మధ్యలో ఇరవై అడుగులు ఎవరూ పోని చోటు.
ఇరవై అడుగులంటే నాకు తెలుసు.
గుంతలో మేం దిగే ఒక మెట్టు ఎత్తు.

ముప్పై ఎనిమిది వేలు.
పెంచలమ్మ తొమ్మిది వేలు పోగొట్టుకుని
ముందే చీటీ పాడింది.

పరగడుపున పొట్టకి బిళ్ళలు అంటించి
నడుముకి డబ్బా కట్టి
మాత్ర అరచేతిలో పెట్టారు.
చింతగింజ కంటే కాస్త పొడుగు. కొసన లైటు.
తళుక్కు. తళుక్కు.
మింగకముందే అది చూడటం మొదలుపెట్టింది:
నర్సు వేళ్ళు, ఫ్యాను, పెంచలమ్మ మొహం, నా గారపళ్ళు.

ఆ పగలంతా తిరగమన్నారు.
ట్రంకు రోడ్డు మీద నేను,
నాలో అది.
సోడాబండి దగ్గర ఆగితే
అదీ ఆగిందేమో అనిపించింది.
నా కడుపు నాకు మొదటిసారి
పరాయి ఊరులా తోచింది,
కరెంటు లేని ఊళ్ళో ఎవరో టార్చి వేసుకుని
పేరు పిలవకుండా తిరుగుతున్నట్టు.

మూడో రోజు బయటపడింది, లైటు ఆరిపోయి.
కడిగి దాచమంది పెంచలమ్మ,
ఊరికే వచ్చిందా అని.
నీళ్ళు కొట్టేశా. రెండు రోజులు మాట్లాడలేదు.

అరవై వేల ఫొటోలంట.
మొదటి దాంట్లో పెంచలమ్మే, నోరు తెరిచి.
తర్వాత గులాబీ రంగు గోడలు,
సజ్జకంకి మీద నూగులాంటి నూగు.
అదిగో అన్నాను. అది బుడగ, అంది డాక్టరమ్మ.
అదిగో అన్నాను. అది పసరు.
ఇంక నోరు మూసుకున్నా.
అప్పుడు ఆమే ఆపింది.
గోటి గాటంత పుండు. దాన్నుంచి కిందికి
ఆరని ఎర్ర గీత.
అట్టాంటివి ఐదు.

నొప్పి బిళ్ళలు వాడతారా?

వాడటమేంది!
సద్దిగిన్నె మూత మీద, గోంగూర పక్కన,
రోజుకి రెండు, బడ్డీకొట్టులో తెచ్చినవి.
ఎనిమిదేళ్ళు.
చేతి వేళ్ళ మీద లెక్కేసి
మధ్యలో మానేశా.

ఇప్పుడు నల్లగా లేదు. గుంతకి మళ్ళీ పోతున్నా.
నిన్న మధ్యాహ్నం టార్పాలిన్ నీడలో
డ్రిల్లర్ కరీముల్లా, ఇరవై రెండేళ్ళోడు,
ఇంకా వణుకుతున్న వేళ్ళతో అట్ట చింపాడు.
ఆగబ్బయ్యా, అన్నాను.
ఐదు పుళ్ళూ చెప్పాను, అరవై వేల ఫొటోలూ చెప్పాను.
అరచేతిలో బిళ్ళ అట్టే పెట్టుకుని
మొత్తం విన్నాడు.

"మరి నడుముకో?" అన్నాడు.

నీళ్ళు అప్పుడే పోసున్నా.
రాయి ఇంకా ఆరలేదు.