బటానీ కడుపు

మూడు దినాల సంది
నా ఇస్త్రీ బండి కింద బటానీ
గిర్రున తిరుగుతది, కూసుంటది, మళ్ల లేస్తది.
వారాసిగూడ గల్లీ నిండ పసుపుపచ్చ ముగ్గులు.

బొగ్గుల వేడికి ముడుచుకొని పండే పిల్ల
ఇయ్యాల బొగ్గుల దిక్కే రాలే.
ముక్కు ఎండిన చింతగింజ.

మరక జూసి
ఏ ఇంట్ల ఏం వండిన్రో చెప్పెటోణ్ణి,
ఇరవై రెండేండ్ల పని.
ఈ మరక మాత్రం సదువ రాలే నాకు.

పశువుల దవాఖానల డాక్టరమ్మ
పొట్ట ఒత్తి చూసి అడిగింది,
"ఏం పెడుతున్నరు?"
"పాలమ్మా."
"ఇంకా?"
నేనొక్కణ్ణే పెడుతున్ననా, చెప్పనీకి?

వాపసొచ్చి ఇల్లిల్లు అడిగిన.
పైన నస్రీన్ ఆపా, చాయ్‌ల ముంచిన ఉస్మానియా బిస్కెట్
ఒక్కటే అన్నది, రెండు వేళ్లు చూపెట్టింది.
ట్యూషన్ పిల్లలు చిప్స్ పాకెట్ అడుగున మిగిలిన కారం.
రిటైరైన కండక్టర్ సాంబశివుడు సారు
ఐతారం మటన్ బొక్క, పండ్లు గట్టిపడ్తయని.
సుభద్రమ్మయితే మీగడతోని పాలు,
"తల్లి లేని పిల్ల గదా" అనుకుంట
కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది.

ఎవర్ని తిట్టాలె?
గుప్పెడు లేదు దాని కడుపు,
గల్లీ అంత కలిసి అండ్ల బంతి భోజనం పెట్టిన్రు.

పురుగుల మందిచ్చి డాక్టరమ్మ చెప్పింది:
పాలు బంద్.
మెత్తగ ఉడికిన బువ్వ,
ఉప్పుకారం లేని కోడి తునకలు, ఇంతింత, దినానికి ఐదు సార్లు.
నీళ్లు మాత్రం ఆపొద్దు.
తర్వాత ఏది మార్చినా వారం పట్టాలె,
పాతదాంట్ల కొత్తది చిటికెడు చిటికెడు కలుపుకుంట.

అట్ట ముక్క మీద రాసి బండికి కట్టిన,
'బటానీకి ఎవ్వరూ ఏం పెట్టొద్దు.'
సాంబశివుడు సారు అంగీలు తీస్కపోయిండు,
మాట్లాడలే.
పైసలు బల్ల మీద పెట్టి పోయిండు.

నస్రీన్ ఆపా గిన్నెల బువ్వ తెచ్చింది.
నమ్మక, నేనే ఒక ముద్ద నోట్లేసుకున్న.
ఉప్పు లేదు.
ఆమె నవ్వలే, నేను నవ్వలే,
బటానీ గిన్నె నాకింది.

ఐదో పొద్దు
కరెంటు స్తంభం కాడ వంగి చూస్తున్న.
పక్కకెవరో వచ్చి మోకాళ్లు పట్టుకొని కూసున్నడు.
చెరో అరవై ఏండ్లోళ్లం,
అద్దాలు సర్దుకొని, శానా సేపు చూసినంక
సారు అన్నడు,
"గట్టిగనే ఉన్నది."