తుట్టె

కందుకూరులో, పామూరు రోడ్డు షెడ్డులో
కారు కింద వెల్లకిలా పడుకుని
మీరావలి పిలిచాడు:
"ఇట్రా సార్, చూడు. కడుపు ఖాళీ."

పోయిన నెల కొన్న పాత బండి.
సైలెన్సరు ముందుండే డబ్బాని ఎవరో కోసి
లోపలిది లాక్కొని మళ్ళీ అతికారు.
వెల్డింగు మచ్చ ఇంకా నీలంగానే ఉంది.

బల్ల మీద వేరే బండిది, పగిలిన ముక్క చూపించాడు.
పింగాణీ తేనెతుట్టె. తేనె లేదు, ఈగ లేదు.
గదిగదికీ కంటికానని పూత:
ప్లాటినం, పల్లాడియం, రోడియం.
అంతా కలిపి మా ఆవిడ కమ్మల తూకం రాదు.

కాలీకాలని పెట్రోలు ఆవిరి,
వాసనైనా లేకుండా చంపే కార్బన్ మోనాక్సైడు
ఆ గదుల్లో దూరి బయటపడేసరికి
నీళ్ళు, ఉత్త బొగ్గుపులుసు గాలి.
పూత మాత్రం పిసరు తరగదు.

"కాకపోతే కాగాల సార్.
మూడొందల డిగ్రీలు దాటిందాకా అదీ నిద్రే.
పొద్దున్నే తీసే మొదటి ఫర్లాంగులోనే పాపమంతా."

వాళ్ళ నాన్న పొగాకు బ్యారన్లో మంట వేసినవాడు.
ఆకు పసుపు తిరిగే వేడి
థర్మామీటరు కంటే ముందు ఆయన ముక్కుకి తెలిసేదట.
ఊపిరితిత్తులకే ఆలస్యంగా తెలిసింది.

కొత్తది ఎంతని అడిగాను.
చెప్పాడు.
మళ్ళీ అడగలేదు.

మర్నాడు ఆరింటికి తాళం తిప్పబోతే
సరిగ్గా గొట్టం వెనక, అరుగు మీద
ఎదురింటి బుడ్డోడు పళ్ళు తోముకుంటున్నాడు.
బండిని సందు చివరిదాకా నెట్టి
అక్కడ స్టార్ట్ చేశాను.
అక్కడ ఎవరు తోముకుంటున్నారో
చూడలేదు.