సగం గిన్నె

దేరా, నైఫ్ రోడ్డు వెనక సందు.
అడ్రసు దొరకక మూడుసార్లు తిప్పిన.
అల్మాటీ నుంచి వచ్చిన పెద్దామె, పేరు కుల్యాష్,
పైసలిచ్చి, నా మోచెయ్యి మాత్రం వదల్లేదు.
తినకుండ పోతే ఊకోదట.

మెనూ మీద గుర్రం బొమ్మ.
నేను గొర్రె బొమ్మ మీద వేలు పెట్టిన.

ఇంత వెడల్పు పళ్లెం వచ్చింది.
చపాతీ పిండిని చదరంగ కోసి ఉడకబెట్టినట్టు ముక్కలు,
మీద మాంసం, ఉల్లిగడ్డ, ఆవిరి.
కారమన్న మాటే లేదు.
అంగీ జేబుల మామిడికాయ తొక్కు ప్యాకెట్ ఉంది.
తీయలేదు.

పక్క టేబులు టూరిస్టులకు
ఫోర్కు మీద ముక్క నిలుస్తలేదు, జారుతనే ఉంది.
నేను చెయ్యి కడుక్కొచ్చి కలిపిన,
రోజూ క్యాంపు మెస్సుల కలిపినట్టే.
ఆమె పకపక నవ్వి అయిదు వేళ్లు విప్పి చూపెట్టింది:
బెష్‌బర్మాక్ అంటే అయిదు వేళ్లేనట.
నా చెయ్యి దిక్కు నేనే ఒకసారి చూసుకున్న.

తర్వాత పాల చాయ్. గిన్నెల సగమే.
పిసినారిది, అనుకున్న.
తాగితే మళ్ల సగం. మళ్ల సగం.
వడ్డించే పిల్ల హిందీల చెవినేసింది:
నిండా పోస్తే, ఇగ లెవ్వుమని.
సగం పోస్తే, ఇంకా కూసోమని.

ఆరేండ్లాయె ఈ ఊరికొచ్చి.
ట్యాంకు, షిఫ్టు, జరిమాన,
అన్నీ నాకు నిండుగనే పోసిన్రు.

కంపెనీ ఫోను రెండుసార్లు మోగి ఊకుంది.
ఆరో గిన్నెకు కడుపు ఉబ్బింది.
చాలని వాళ్ల భాషల ఎట్ల చెప్పాల్నో
ఆ పిల్లను అడగలేదు.