పదకొండు నిమిషాలు

ప్రత్తిపాడు దాటాక జిలానీ అన్నాడు:
"ఎడమకి తిప్పు హేమా, మబ్బు మనకంటే ముందుంది."
ఫోన్లో రాడార్ ఎర్రగా,
బయట కళ్లాల్లో మిర్చి అంతకంటే ఎర్రగా.

మూడు వారాలుగా దీని వెంట పడుతున్నాం.
చీరాలలో మొహం చాటేసింది,
తెనాలిలో నాలుగు చినుకులు విదిలించి పోయింది.
ఇవాళ దొరికింది,
పొట్ట కిందికి జారిన చూడిగేదెలా
నింపాదిగా.

ట్రైపాడ్ నిలబెట్టి
"రా తల్లీ, రా" అన్నాను, పైకే.
పక్క కళ్లంలో ఏసురత్నం విన్నాడు.
ఏమీ అనలేదు.
పట్టా అంచొకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత బొమ్మ లేదు.
కెమెరా చొప్పలో బోర్లాపడి
పదకొండు నిమిషాలు చీకటినే తీసింది.
చప్పుడు మాత్రం ఉంది:
పట్టాల టపటప, మిర్చి ఘాటుకి హేమ తుమ్ములు,
"రాయెయ్యి, రాయెయ్యి" అని ఎవరిదో ఆడగొంతు,
వడగళ్లు.

ఆ ముక్క కొయ్యడానికి జిలానీ ఒప్పుకోలేదు.

గుంటూరులో మొదటిసారి వేసినరోజు
తెర నల్లబడగానే
"కరెంటు పోయింది" అన్నారెవరో.
వెనక వరసలో ఏసురత్నం
పక్కవాడి మోచెయ్యి పట్టుకుని
"ఉండు,
ఇప్పుడు మూడో పట్టా లేస్తది" అన్నాడు.